పైన కప్పు లేని చోట

సారయ్య సైకిల్ మీద నుంచి నాలుగుసార్లు పడ్డాడు. ఇంకా ఎక్కువే పడి ఉంటాడు, నా దాకా వచ్చినవి నాలుగు. నాలుగుసార్లూ గాయం కడిగింది నేనే. మొదటి మూడుసార్లు తప్పు ఆయనది. నాలుగోసారి నాది. ఈ మాట ఆయన ముందు తప్ప ఇన్నాళ్లూ ఇంకెక్కడా అనలేదు. ఇప్పుడు చెప్పేస్తే కాస్త తేలికపడతానేమోనని మొదలుపెట్టాను.

నా పేరు రోజారాణి. చింతలగుట్ట బొగ్గుబాయి పక్కన కార్మికుల కాలనీలో రెండు గదుల దవాఖానా ఉంది. అందులో పద్నాలుగేళ్లుగా నర్సును. ఇక్కడ గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. మాది మధిర వైపు. వచ్చిన కొత్తలో నా మాట వీళ్లకు, వీళ్ల మాట నాకు నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు నవ్వుకునే ఓపిక ఎవరికీ లేదు. పొద్దున తలుపు తీస్తే చాలు, బీపీ, షుగరు, దగ్గు, నడుంనొప్పి వరుసగా వచ్చి బల్ల మీద కూర్చుంటాయి. డాక్టరుగారు వారానికి మూడు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో డాక్టర్నీ నేనే, కాంపౌండర్నీ నేనే, ఆయమ్మ రాకపోతే చీపురు పట్టేదాన్నీ నేనే.

సారయ్యది కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. అక్కడి నుంచి బాయికి తొమ్మిది కిలోమీటర్లు. సగం దారి టేకు చెట్ల మధ్య నుంచి, మిగతా సగం మక్కజొన్న చేల పక్క నుంచి. ముప్పై మూడేళ్లు ఆ దారిలో పోను తొమ్మిది, రాను తొమ్మిది తొక్కాడు. బాయిలో ఆయన సపోర్ట్‌మన్. అంటే బొగ్గు తీసేకొద్దీ పైన మిగిలే రాతి కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టి, బోల్టులు కొట్టే మనిషి. కానీ గ్యాంగులో ఆయనకున్న పేరు దిమ్మెల వల్ల వచ్చింది కాదు, చెవి వల్ల వచ్చింది. ఇనుప పొన్ను తొడిగిన కర్రతో కప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి కింద మనిషి నిలబడవచ్చో లేదో చెప్పేవాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుందట. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుందట. చట్టప్రకారం తట్టి చూసే ఉద్యోగి వేరే ఉంటాడు. ఆయన తట్టి సరేనన్నాక కూడా గ్యాంగులో ఆరుగురూ సారయ్య మొహం వైపే చూసేవారు. సారయ్య తన కర్రతో తట్టి, "మంచిగున్నది, నడువుండ్రి" అంటే తప్ప ఒక్కడూ అడుగు ముందుకు వేసేవాడు కాదు. ఆయన మంచిగున్నదన్న కప్పు ముప్పై మూడేళ్లలో ఒక్కటీ కూలలేదని కాలనీలో అందరూ చెబుతారు.

ఆ చెవులను ఆయన కాపాడుకునే తీరు చూస్తే నవ్వొచ్చేది. ఊళ్లో అందరూ మోటార్ సైకిళ్లు కొన్నా ఆయన కొనలేదు. "గా ఇంజన్ సప్పుడు పొద్దుమాపు చెవుల్ల పోసుకుంటే బాయిల ఏమినబడ్తది?" అనేవాడు. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టారంటే కండువా చెవులకు చుట్టుకుని చేలవైపు నడిచిపోయేవాడు. నేను ఆయన్ను కాకా అని, ఆయన భార్య రామక్కను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె షుగరు బిళ్లల కోసం వచ్చినప్పుడల్లా ఒకటే ఎత్తిపొడుపు.

"రాళ్ల ముచ్చట్లు మంచిగ ఇనబడ్తయి మీ కాకకు. నా మాటనే ఏ చెవికి ఎక్కది."

అలా చెవుల కోసమని సైకిల్ తొక్కాడు సారయ్య. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి పడింది నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వానాకాలంలో. ఊరికీ బాయికీ మధ్య ఒక కల్వర్టు ఉంది. దాని మీద టేకు ఆకులు రాలి, తడిసి, నూనె పూసినట్టు ఉన్నాయి. చక్రం జారింది. మోచెయ్యి తోలు లేచిపోయి, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టి వచ్చాడు. సైకిల్‌ను నా కిటికీకి ఆనించి లోపలికొచ్చాడు. హ్యాండిల్‌కు పసుపురంగు బాయి టోపీ వేలాడుతోంది. దాని మీద ఒక్క వాన చుక్క తప్ప గీత కూడా లేదు.

"టోపీని సైకిల్‌కు పెట్టి నెత్తి పగలగొట్టుకునేవాణ్ని నిన్నే చూశాను. పెట్టుకోవచ్చు కదా కాకా" అన్నాను దూది అద్దుతూ.

నాకేమీ తెలియదన్నట్టు జాలిగా చూశాడు. "అది బాయిల పెట్టుకునేది బిడ్డా. బాయిల పైన కప్పుంటది, రాయి పడ్తది. రోడ్డు మీద పైనేమున్నది పడెతందుకు?"

"పైనుంచి ఏమీ పడక్కర్లేదు. నువ్వు పడితే చాలు."

"నేను పడ్తే మోచేతుల మీద పడ్త గద" అని కట్టు కట్టిన మోచెయ్యి చూపించి నవ్వాడు. నుదుటి మీద బొప్పి సంగతి ఆయన లెక్కలోకే రాలేదు.

ఒక్క సారయ్యే కాదు, బాయి వాళ్లందరిదీ అదే వరస. లోపల టోపీ లేకుండా ఒక్క అడుగు వెయ్యరు. మరిచిపోయి వచ్చినవాణ్ని తోటివాళ్లే తిట్టి వెనక్కి పంపుతారు. అదే మనిషి షిఫ్టు దిగి పైకి రాగానే టోపీ తీసి హ్యాండిల్‌కు తగిలిస్తాడు. తలకు అపాయం ఎప్పుడూ పైనుంచే వస్తుందని వాళ్ల ఒంటికి అలవాటైపోయింది. తలే వెళ్లి అపాయానికి తగులుతుందంటే వాళ్లకు నవ్వులాట. సారయ్య గ్యాంగులో అందరికంటే చిన్నవాడు శ్రీశైలం. వాడికి మోటార్ సైకిల్ ఉంది, మంచి హెల్మెట్ కూడా ఉంది. పోలీసులు ఆపే టౌను రోడ్డులో పెట్టుకుంటాడు, బాయి రోడ్డులో పెట్రోలు ట్యాంకు మీద పెడతాడు. రోజూ ఈ తలలన్నిటినీ చూస్తూ బాయి గేటు పక్కన బతకడం ఎంత విసుగో అనుభవిస్తేగాని తెలియదు.

రెండోసారి పడింది చలికాలంలో. మక్కలు కోతకొస్తే మా దగ్గర రోడ్డే కళ్లం. సగం రోడ్డు మేర మక్కలు ఎండబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు వరుసగా పేరుస్తారు. మొదటి షిఫ్టుకు తెల్లారగట్ల వస్తుంటే పొగమంచులో ఆ రాళ్ల వరుస కనపడలేదు. ముందు చక్రం రాయికి కొట్టుకుని ఆయన ఎగిరి మక్కల్లో పడ్డాడు. గడ్డం చీలింది. నెత్తురు చొక్కా మీదికి కారుతుంటే వచ్చి కూర్చుని, గడ్డం మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు.

"ముందుగాల చెవి జూడు బిడ్డా. మక్కగింజ పోయినట్టున్నది."

నిజంగానే ఎడమ చెవిలో ఒక మక్కగింజ ఉంది. దాన్ని తీసి అరచేతిలో పెట్టి చూపించాకే కుట్లకు ఒప్పుకున్నాడు. మూడు కుట్లు. కుట్టినంతసేపూ టోపీ గురించి నేను సాధిస్తూనే ఉన్నాను. నోరు కదపలేడు కాబట్టి విన్నాడు. అంతా అయ్యాక లేచి నిలబడి, గడ్డం కుట్లు కదలకుండా మెల్లగా మాట్లాడాడు.

"ఎనిమిది గంటలు నెత్తి మీద టోపీ. టోపీ మీద దీపం. దాని మీద కొండంత కప్పు. పైకొచ్చినంక నెత్తికి ఇంత గాలి తగుల్తది సూడు, గదొక్కటే బిడ్డా మాకు. గది గూడ మూసుకొమ్మంటవా?"

మంచుకు తడిసి తలకు అంటుకుపోయిన ఆ నెరిసిన జుట్టు చూస్తే మనసు ఎలాగో అయింది. తర్వాత చాలా ఏళ్లు ఆయన దగ్గర టోపీ మాట ఎత్తలేదు. నా ఉద్యోగం నేను చేసుకుంటూ పోయాను. ఏ మాట ఎన్నిసార్లు చెప్పినా వినని ఊళ్లో నోరు దానంతటదే మూతపడుతుంది.

మూడోసారి పడింది పోయిన ఎండాకాలం. ఈసారి పడేసింది టోపీయే. హ్యాండిల్‌కు వేలాడుతూ ఊగుతున్న టోపీ కాలనీ ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి ముందు చక్రంలో ఇరుక్కుంది. చక్రం బిగుసుకుపోయింది. సారయ్య హ్యాండిల్ మీదుగా గాలిలోకి లేచి, నా దవాఖానాకు ఇరవై అడుగుల దూరంలో బోర్లా పడ్డాడు. నుదురు చీలింది, భుజం వాచింది. ఆ రోజు కరెంటు లేదు. వడదెబ్బ కేసులతో రెండు మంచాలూ నిండి ఉన్నాయి. పొద్దుటి నుంచి నేను మంచినీళ్లు తాగలేదు. ఆయన్ను మోసుకొచ్చిన శ్రీశైలం పళ్లికిలించి, "టోపీ పగబట్టింది సిస్టర్ కాక మీద" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ వయసెంత కాకా? అరవై. ఇంకా చిన్నపిల్లల్లా పడి లేవడమేంటి? ఇక ఆ టోపీ హ్యాండిల్‌కు కనపడిందంటే ఈ మెట్లు ఎక్కకు, చెబుతున్నాను. ఎక్కడో వెతకక్కర్లేదు, నీ దగ్గర ఉన్నదే నెత్తిన పెట్టుకో. అదీ టోపీయే కదా!"

ఆ చివరి మాట నా చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.

రామక్క కూడా ఆ రోజే వచ్చి ఏడ్చింది. ఏం తోచిందో ఏమో, సారయ్య ఒప్పుకున్నాడు. అలసిపోయి ఒప్పుకున్నాడని నా అనుమానం. మర్నాటి నుంచి బాయి టోపీ నెత్తిన పెట్టుకునే సైకిల్ తొక్కాడు. పొద్దున నేను క్వార్టర్ ముందు ముగ్గేస్తుంటే ఆయన అటుగా పోయేవాడు. నన్ను చూసి వేలి కణుపుతో టోపీని తట్టి, "మంచిగున్నది" అని కన్నుగీటేవాడు. తోటివాళ్లు ఆటపట్టించారు. "కాకా, ఆకాశం కూలుతదా ఏంది?" అన్నారు. ఆయన పట్టించుకోలేదు. నాకైతే ఎంత గర్వమో! ఇన్నేళ్లలో నా మాట విన్న ఒకే ఒక్క తల అది.

నాలుగు నెలలు అలా గడిచాయి. వానలు తగ్గే రోజుల్లో, ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వెళ్తుంటే అదే కల్వర్టు దగ్గర బర్రెల మంద ఎదురైంది. ఒక దూడ బెదిరి అడ్డం వచ్చింది. సారయ్య బ్రేకు బిగించి కుడివైపుకు పడ్డాడు. వెనకాలే వస్తున్న శ్రీశైలం అంతా చూశాడు. వాడు చెప్పిన మాట ఇది:

"టోపీ ముందుగాల పోయింది సిస్టర్. కాక కింద పడకముందే టోపీ కాల్వల పడ్డది."

గడ్డం కింద ఉండాల్సిన పట్టీ చెమటకు ఒరుసుకుంటుందని సారయ్య ఎన్నడో కోసేసుకున్నాడు. తల వట్టిగా వెళ్లి కల్వర్టు గోడ రాయికి తగిలింది. నా దగ్గరికి తెచ్చేసరికి కుడి చెవిలోంచి నెత్తురు వస్తోంది. ఆ నెత్తురు చూడగానే ఇది నా చేతిలో పని కాదని అర్థమైంది. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆయన తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. శ్రీశైలం కాలవలోంచి తీసుకొచ్చిన టోపీ గుమ్మం దగ్గర పెట్టాడు. పసుపురంగు మెరుస్తోంది. దానికి గీత కూడా పడలేదు.

ఖమ్మం ఆసుపత్రిలో చెవి వెనక ఎముక చిట్లిందన్నారు. ఆదివారం చూడటానికి వెళితే అక్కడి కుర్ర డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఏ హెల్మెట్ పెట్టుకున్నాడని అడిగాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అది పైనుంచి రాయి పడితే ఆపడానికి చేసింది సిస్టర్. సైకిల్ మీద నుంచి పడేవాడి తలకు పక్కనా వెనకా తగులుతుంది. దానికి సైకిల్ హెల్మెట్ వేరే ఉంటుంది, లోపల మందంగా మెత్త ఉంటుంది. అదీ కాక దీనికి పట్టీ కూడా లేదు. పట్టీ లేనిది పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే."

బస్సులో వెనక్కి వస్తూ కిటికీకి తల ఆనించి ఏడ్చాను. టోపీ పెట్టుకో పెట్టుకో అని ఊరందరి ప్రాణం తీశాను. ఒక్కసారన్నా దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూశానా? పట్టీ ఉందో లేదో చూడని నర్సును నేను. మూడేళ్లు చదివింది ఎందుకు, పద్నాలుగేళ్ల అనుభవం ఎందుకు?

ఏడు వారాల తర్వాత సారయ్య తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు గానీ నవ్వు అదే. డ్యూటీకి పనికొస్తాడని కాగితం రాయాలి. రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అడిగాను, తలనొప్పి ఉందా, కళ్లు తిరుగుతున్నాయా, మాటలు సరిగా వినపడుతున్నాయా అని. నా పెదవుల వైపే చూస్తూ అన్నిటికీ టకటకా జవాబు చెప్పాడు. వినికిడి బాగానే ఉందని నా చేత్తో నేనే రాశాను. డాక్టరుగారు సంతకం పెట్టారు. మర్నాడే కర్ర పట్టుకుని బాయిలోకి దిగాడు.

మూడు రోజులకు బిళ్లలు తీసుకుపోదామని వచ్చాడు. బల్ల మీద కూర్చున్నాడు. నేను ఆయన వెనక కుడివైపున అల్మారా సర్దుతున్నాను. స్టీలు ట్రే చెయ్యి జారి కింద పడింది. సారయ్య ఉలిక్కిపడి తిరిగాడు. కానీ ఎడమవైపుకు తిరిగాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు ఎటునుంచి వచ్చిందో వెతుకుతూ గోడ వైపు చూస్తున్నాడు.

కుడి చెవి పక్కకు వెళ్లి, "కాకా" అని మెల్లగా పిలిచాను. రెండోసారి, మూడోసారి పిలిచాను. పలకలేదు. ముందుకు వచ్చి నిలబడ్డాను. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"ఎప్పటి నుంచి?"

"పడ్డకాడికెళ్లి" అన్నాడు తల దించుకుని. "నీకు చెప్తే నువ్వు రాస్తవు. రాస్తే పైన కూసోబెడ్తరు. ఎడమది మంచిగనే ఉన్నది బిడ్డా. ఒక్క చెవి చాలు. తొమ్మిది నెలలే గద."

"లోపల ఆరుగురు ఉన్నారు కాకా."

"అవ్, ఉన్నరు. ముప్పై మూడేండ్ల సంది నేను తట్టినంకనే లోపలికి పోతున్నరు. రేపు నేను లేకుంట పోతరా? పైన కూసోని నేనేం జెయ్యాలె?"

నువ్వు చెప్పబట్టే కదా ఆ టోపీ పెట్టుకున్నాను అని ఆయన అనలేదు. అని ఉంటే అప్పుడే కాగితం తీసి రాసేసేదాన్నేమో. అనలేదు కాబట్టి నా చెయ్యి కదల్లేదు. "డాక్టరుగారు ఎల్లుండి వస్తారు, అప్పటి దాకా ఆగుతాను" అన్నాను. అది దయ కాదు, పిరికితనం. ఆయన విషయంలో నేను చేసిన తప్పును ఆరుగురి నెత్తిన పెట్టి, రెండు రోజులు నా మొహం దాచుకున్నాను.

ఆ రెండు రోజులూ బాయి సైరన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి లేచి నిలబడేదాన్ని. మర్నాడు సాయంత్రం శ్రీశైలం దగ్గు మందుకు వచ్చాడు. "కాక ఏందో గని సిస్టర్, ఒక్కొక్క జాగల మూడు మూడు సార్లు తడ్తుండు. ఎన్నడు గట్ల జెయ్యలే. ముసలోడైండు" అని నవ్వుతూ పోయాడు. రేపు డాక్టరుగారు రాగానే రాసేస్తాను, ఏది ఏమైనా సరే అనుకున్నాను.

ఆ రేపు పదకొండింటికి, డాక్టరుగారు ఇంకా రాకముందే, సారయ్య మెట్లెక్కి వచ్చాడు. షిఫ్టు మధ్యలో ఎవరూ బాయి నుంచి పైకి రారు. మొహమంతా బొగ్గు. నెత్తిన టోపీ, దాని మీద దీపం పట్టపగలు ఇంకా వెలుగుతూనే ఉంది. పక్కన శ్రీశైలం ఉన్నాడు. సారయ్య కర్ర వాడి చేతిలో ఉంది. ఎవరో పోయారనుకున్నాను.

"ఎవ్వరికేం కాలే" అన్నాడు సారయ్య. బల్ల మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. "తట్టిన. మంచిగున్నదన్న."

మిగతాది శ్రీశైలం చెప్పాడు. "ఎడమ దిక్కు ఫ్యాను తిరుగుతుంది సిస్టర్, మస్తు సప్పుడు. నేను కాకకు కుడి దిక్కున్న. కాక మంచిగున్నదన్నడు. నాకేమో డొల్ల ఇనబడ్డది. కాక మాట కాదనాల్నంటే నోరు రాలే. ఇద్దరు అప్పటికే అడుగేసిండ్రు. ఆఖరికి అన్న, కాకా మళ్లొక్కసారి తట్టు అని. కాక నా మొఖం దిక్కు జూసిండు. మళ్ల తట్టనే లేదు. జల్దీ ఎనకకు రాండ్రని ఒర్రిండు. మేం ఎనకకొచ్చి బీడీ తాగే అంతసేపు గూడ గాలే, పెద్ద బండ కూలింది. నిలబడేకాన్నే కూలింది."

బాయిలో బీడీ తాగరాదు. అయినా వాళ్లు కాలాన్ని అలాగే కొలుస్తారు. ఆ మాటకు ఎవరం నవ్వలేదు.

"ఇగ కాగితం రాయి బిడ్డా" అన్నాడు సారయ్య.

సొరుగులోంచి కాగితం తీశాను. వినికిడి బాగానే ఉందని నేను రాసిన వాక్యాన్ని నేనే కొట్టేసి, కుడి చెవి పనిచేయడం లేదని రాసి, కింద నా పేరు పెట్టాను. పెట్టాక ఇక ఆగలేకపోయాను.

"ఆ టోపీ పెట్టుకోమన్నది నేనే కాకా. పట్టీ ఉందో లేదో కూడా చూడలేదు. నీ చెవి పోగొట్టింది నేను. తెలిసీ రెండు రోజులు నోరు మూసుకున్నాను."

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పి మొత్తం విన్నాడు. "పెట్టుకొమ్మన్నది నువ్వు. పట్టీ కోసుకున్నది నేను" అన్నాడు. తర్వాత శ్రీశైలం చేతిలో ఉన్న కర్ర వైపు చూశాడు. "గది నీ దగ్గరనే ఉంచుకో. ఒక్కసారి తట్టు. మూడుసార్లు తడ్తే భయపడ్తరు." ముప్పై మూడేళ్ల పనిని అలా రెండు మాటల్లో అప్పగించి, దీపం ఆర్పుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆయన పైన, దీపాలిచ్చే గదిలో ఉంటున్నాడు. షిఫ్టుకు దిగేవాళ్లకు దీపం ఇచ్చేముందు టోపీ తీసుకుని తిరగేసి పట్టీ చూస్తాడు. లేకపోతే దీపం ఇవ్వడు. వాళ్లు గొణుక్కుంటూ స్టోరుకు పోయి పట్టీ వేయించుకుని వస్తారు. రోడ్డు మీద మాత్రం ఏమంత మారలేదు. సైకిల్ హెల్మెట్ కొన్నవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతా టోపీలు హ్యాండిల్‌కే వేలాడుతున్నాయి. నేను చెబుతూనే ఉన్నాను. ఓపికతో కాదు, అలవాటు కొద్దీ.

సారయ్యకు ఖమ్మం నుంచి హెల్మెట్ నేనే తెచ్చాను. చూడగానే మొహం చిట్లించి, "గిన్ని తూట్లేంది బిడ్డా దీనికి?" అన్నాడు. పెట్టుకుని కాలనీ చివరి దాకా తొక్కి వెనక్కి వచ్చాక, "నెత్తికి గాలి తగుల్తున్నది" అన్నాడు. అంత ఆశ్చర్యం ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా పదేళ్ల కింద మా ఇద్దరికీ చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

దాని పట్టీ కొక్కెం సరిగ్గా కుడి చెవి కింద వస్తుంది. బిగిస్తే టక్కుమంటుంది. ఇంట్లో రామక్క లాగి చూసి పంపిస్తుంది. అయినా ఆయనకు నమ్మకం కుదరదు. జీవితమంతా చప్పుడును నమ్మినవాడు చేతిని నమ్మడు. పొద్దున నేను ముగ్గేస్తుంటే నా ముందు సైకిల్ ఆపి, కొక్కెం ఊడదీసి, మళ్లీ బిగించి, "టక్కుమన్నదా బిడ్డా?" అని అడుగుతాడు. బాయిలో ఆరుగురూ ఆయన మొహం చూసినట్టే ఆయన నా మొహం చూస్తాడు. నేను ముగ్గు చెయ్యి దులుపుకుని, వేలు పెట్టి పట్టీ లాగి చూసి, ఎడమ వైపుకు వెళ్లి గట్టిగా చెబుతాను.

"అన్నది కాకా. మంచిగున్నది, నడువు."